దప్పికైనోడు కులం చెప్పాల్నా?

మా నాయిన ఎన్నడూ ఊరికే ఊరు దాటలేదు. ఆయన పోయిన ప్రతి ఊరికీ ఒక అవసరం ఉంది. చెరుకు కొట్టడానికి బోధన్ దిక్కు పోయిండు. పెద్దిండ్లల్ల ఎవరన్న చచ్చిపోతే ఆ కబురు మోసుకొని వాళ్ల చుట్టాల ఊళ్లకు పోయిండు. డప్పు భుజానికేసుకొని జాతర్లకు పోయిండు. కరువు పడ్డ ఏడు అవ్వను తోలుకొని పుణె దిక్కు రోడ్డు పనికి పోయిండు. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి అడిగిన. "నాయినా, ఆడ పెద్ద పెద్ద గుట్టలుంటయట గద, ఎట్లుంటయి?" అని. "గుట్టలు ఎవరు చూసిండ్రు కొడుకా, మేం కంకర చూసినం" అన్నడు.

ఆ మాట నేను మర్చిపోలేదు. రాయి ఒక్కటే. దూరం నుంచి చూసెటోనికి అది గుట్ట. దగ్గరికి పోయి సుత్తెతోటి పలగొట్టెటోనికి అది కంకర. చూడడం అనేది కండ్లున్న ప్రతి మనిషికీ వచ్చే పని అనుకుంటం. కాదు. చూడాలంటే ముందు చేతులు ఖాళీగా ఉండాలె. భుజం మీద బరువు ఉండొద్దు. తెలుగులో తొలి యాత్రా గ్రంథమని చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆ పెద్దమనిషి 1830లో మద్రాసు నుంచి బయలుదేరి కాశీ పోయి వచ్చిండు. పల్లకీ మోసే బోయీలు, పనివాళ్లు, పెద్ద పరివారం వెంట ఉంది. ఆయన చూసిన ఊళ్లు, ఏర్లు, గుళ్లు మనకు పుస్తకంలో ఉన్నయి. ఆ పల్లకీ మోసినోళ్లు ఏం చూసిండ్రో ఏ పుస్తకంలోనూ లేదు. పల్లకీ బొంగు కింద మెడ వంగినోనికి కనపడేది తన కాళ్ల ముందరి నేలే.

అందుకే ఒక దళితుడు పని లేకుండా, ఎవరూ పిలవకుండా, ఒక్కడే బండి వేసుకొని దేశం చూడటానికి పోవడం అనేది ఉత్త విహారం కాదని నేను అనుకుంటున్న. అది ఒక ప్రశ్న. తిరిగే హక్కు ఎవరిది? తిరిగేటప్పుడు మనం ఎవరమై తిరుగుతం?

నేను సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే పంతులును. మా ఇంట్ల పదో తరగతి దాటింది నేనే, డిగ్రీ చేతికొచ్చింది నాకే. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి ఏటా దక్కను పీఠభూమి పాఠం చెప్తున్న. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద భూమి పగుళ్లలో నుంచి లావా పొంగింది. ఒకటి రెండుసార్లు కాదు, మళ్లా మళ్లా పొంగింది. ఒక పొర ఆరి గట్టిపడినంక దాని మీద ఇంకో పొర పరుచుకున్నది. పడమటి కనుమల దగ్గర ఆ పొరల మందం రెండు కిలోమీటర్లు కూడా దాటుతది. ఇన్ని కోట్ల ఏండ్లు అరిగిపోయినంక ఇంకా 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి మిగిలి ఉన్నది. మహారాష్ట్రలో ఎక్కువ భాగం అదే. అది అరిగితే అయ్యే మట్టే నల్లరేగడి. మా జుక్కల్ దిక్కు చేన్లల్ల ఉన్నది ఆ మట్టే. అంటే మా వాడ కూడా చల్లారిన నిప్పు మీదనే ఉన్నది. ఇది బోర్డు మీద గీసి చెప్పడమే గాని నేను ఎన్నడూ చూడలేదు. మొన్నటి దసరా సెలవులకు చూడాలని బయలుదేరిన.

సొసైటీ లోను మీద కొన్న పాత మారుతి ఓమ్ని వ్యాను ఒకటి నాకుంది. అంతకుముందు అది ఒక ప్రైవేటు బడి పిల్లలను మోసిందే. వెనక సీట్లు తీసేసి, చెక్క పలక వేసి, బొంత పరిచిన. చిన్న గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు, బియ్యం, పప్పు, దోమతెర, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పెట్టుకున్న. ఓమ్నికి ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటది. గంట నడిస్తే సీటు పెనం లెక్క కాలుతది. ఆ బండి మీద తొమ్మిది రోజులు, పదిహేను వందల కిలోమీటర్లకు పైన తిరిగిన. రాత్రిళ్లు పెట్రోలు బంకుల్లో, దాబాల ముందట లారీల పక్కన పండుకున్న.

వ్యాను ఎందుకు, బస్సుకు పోయి లాడ్జీల ఉండొచ్చు గదా అని స్టాఫ్‌రూంలో అడిగిండ్రు. వాళ్లకు చెప్పలేదు గాని, ఇక్కడ చెప్తున్న. వ్యానులో ఎవరూ ఇంటిపేరు అడగరు. ఎవరి గడప ముందటా నిలబడే పని లేదు. నా పొయ్యి, నా పడక, నా నీళ్లు. దేశాలు తిరిగినోళ్లు రాసిన మాటలు చాలా చదివిన. దారి మీద మనిషి తన పేరును మర్చిపోతడట. ఎవరూ కానివాడు అయిపోతడట. అదే ముక్తి అట. చదవడానికి బాగనే ఉంటది. కాని 'ఎవరూ కానివాడు' కావడం పేరున్నోనికి సెలవు దినం. మాకు అది వేల ఏండ్ల నౌకరీ. ఊరు మమ్ములను ఊరవతల పెట్టింది ఎవరమూ కాకుండ ఉండటానికే గదా.

ఏకాంతం వేరు, వెలి వేరు. రెండింటిలోనూ మనిషి ఒక్కడే ఉంటడు. బయటి నుంచి చూస్తే రెండూ ఒక్క తీరుగనే కనపడుతయి. ఏకాంతంలోకి పోయినోడు వాపసు వస్తనంటే తలుపు తీసి ఉంటది. వెలి పడ్డోనికి తలుపే లేదు. నేను నా వ్యానులో నా నీళ్లు నేను తాగుతుంటే అది ఏకాంతమా, నాలుగు చక్రాల మీద నేను వెంట తీసుకపోతున్న వెలివాడనా? ఈ ప్రశ్న నాందేడ్ దాటకముందే మొదలైంది.

నాందేడ్, పర్భణీ, జింతూరు మీదుగా లోణార్ సరస్సు దిక్కు పోతున్న. మంఠా దాటినంక ఇంజను వేడెక్కింది. రోడ్డు పక్క వేపచెట్టు నీడకు ఆపిన. చేనులో ఇల్లు. వాకిట్ల సోయా కుప్ప పోసి ఉన్నది. ఒక ముసలాయన చూసి, "పావణే, పాణీ ఘ్యా" అని పిలిచిండు. చుట్టం వచ్చిండు, నీళ్లు తాగమంటున్నడు. మాది సరిహద్దు గనుక మరాఠీ నాకు చిన్నప్పటి నుంచి వస్తది. పోయి కూసున్న. చెంబుల నీళ్లు, ఒక స్టీలు గిలాస తెచ్చిండు. గిలాస నిండ పోస్తూ "ఆడనావ్ కాయ్?" అన్నడు. ఇంటిపేరు చెప్పిన. మన దగ్గర ఇంటిపేరు చెప్తే సగం కులం తెలిసిపోతది. అక్కడ నా ఇంటిపేరు ఉత్త తెలుగు చప్పుడు. ఆయనకేం అర్థం కాలేదు. "కోణ్ సమాజ్?" అని మళ్లా అడిగిండు.

పంతులునని చెప్తే సరిపోవు. తెలంగాణోన్నని నవ్వి ఊరుకుంటే కూడా సరిపోవు. అడిగేటోడు చెడ్డోడు కాదు. వానలు ఎట్లున్నయి అని అడిగినట్టే అడిగిండు. నేను చెప్పిన. "మాదిగోళ్లం. మీ దగ్గర మాంగ్ అంటరు గద, వాళ్లం" అన్న. ముసలాయన చెయ్యి ఆగలేదు. నిండిన గిలాస నా చేతికిచ్చి "ఘ్యా" అన్నడు. తాగిన. చల్లగున్నయి. మీ దిక్కు వానలెట్లున్నయని అప్పుడు అడిగిండు. పత్తి ధర మాట్లాడుకున్నం. ఇంతట్ల ఇంట్ల నుంచి ఆయన కొడుకు వచ్చిండు. ప్యాంటు, చొక్కా, చేతిల సెల్లు, చదువుకున్న పిలగాడే. మా మాటలు లోపలికి వినపడే ఉంటయి. చెంబు తీసుకొని లోపలికి పోయిండు. గిలాసను అరుగు మీదనే వదిలేసిండు. ముసలాయన చూసిండు. నేను చూసిన. ఇద్దరం మళ్లా పత్తి సంగతికే పోయినం.

మర్చిపోయిండేమో. నిజంగనే మర్చిపోయిండేమో. వేరే ఎవరన్న అయితే అట్లనే అనుకొని, అది కూడా మరుక్షణం మర్చిపోయి బండెక్కుతరు. 'మర్చిపోయిండేమో' అనుకునే ఆ సుఖం మాకు లేదు. కులం మా దగ్గర నుంచి గుంజుకున్న వాటిల్ల భూమి ఉంది, చదువు ఉంది, నీళ్లున్నయి. వాటితో పాటు ఇది కూడా ఉంది. ఒక గిలాస అరుగు మీద ఉంటే అది గిలాసగనే కనపడే సాదా చూపు. ఆ పిలగాని మనసులో ఏముందో నాకు తెలవదు. నా మనసులో ఏం నిండిందో తెలుసు.

లోణార్‌కు పొద్దుగూకే ముందు చేరిన. గట్టు మీద నిలబడితే కింద దొప్ప తీరుగ పెద్ద లోయ. అడ్డంగా సుమారు 1.8 కిలోమీటర్లు. గట్టు నుంచి అడుగుకు 150 మీటర్ల దాకా లోతు. నడిమిట్ల పచ్చని నీళ్లు, చుట్టూ అడవి. ఆ నీళ్లు ఉప్పన, పైగా సబ్బు నీళ్ల తీరు క్షారం. 2020 జూన్‌లో ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరిగినయి. ఉప్పులో బతికే సూక్ష్మజీవుల వల్ల అట్లయిందని శాస్త్రవేత్తలు తేల్చిండ్రు. ఆ ఏడే రామ్‌సర్ జాబితాలో చేరింది.

ఈ చెరువు పుట్టుకకు మూడు కథలున్నయి. పురాణం చెప్పేవాళ్లు ఇది లవణాసురుడనే రాక్షసుడు దాక్కున్న బిలం అంటరు. విష్ణువు వాన్ని చంపితే ఈ ఉప్పునీళ్లు మిగిలినయట. ఊళ్లో దైత్యసూదన గుడి అందుకే ఉంది. 1823లో ఇంగ్లీషు అధికారి ఒకాయన దీన్ని చూసి రాసినంక, చుట్టూ ఉన్నది లావా రాయే గనుక ఇది అగ్నిపర్వతం నోరేనని చానా ఏండ్లు నమ్మిండ్రు. 1970లలో ఇక్కడి రాళ్లను పరీక్ష చేస్తే, భయంకరమైన దెబ్బ తగిలితే తప్ప పుట్టని గాజు వాటిల్ల దొరికింది. ఆకాశం నుంచి ఉల్క పడ్డదని అట్ల రుజువైంది. ఎప్పుడు పడ్డదనే దాని మీద ఇంకా వాదం ఉంది. ఒక లెక్కకు 50 వేల ఏండ్లు, తర్వాత వచ్చిన ఇంకో లెక్కకు 5 లక్షల 70 వేల ఏండ్లు.

నేను గట్టు మీద కూసోని ఇదే ఆలోచించిన. ఒక గుంట పుట్టుక గురించి చెప్పిన కథను రాయి పలగొట్టి పరీక్ష చేసిండ్రు. తప్పని తేలితే మార్చుకున్నరు. ఎవరి మనసూ నొచ్చలేదు. మనుషుల పుట్టుక గురించి చెప్పిన కథ, ముఖం నుంచి కొందరు, పాదాల నుంచి కొందరు, వాటి బయట మేము, దాన్ని పరీక్ష చేద్దామంటే మాత్రం మనసులు నొస్తయి. రాక్షసుని కథలో కూడా చచ్చినోడు ఎవరు, చంపినోడు ఎవరు అని మా వాడ పిల్లలు అడగడం నేర్చుకోవాలె.

ఇంకొకటి కూడా గమనించిన. ఆ పెద్ద సరస్సు నీళ్లు మనిషి తాగలేడు. గట్టు మీద ఇంకో దిక్కు తియ్యని ఊట ఉంది. ధార అంటరు. దాని పక్కన గుడి ఉంది. మనుషులు గుమిగూడేది అక్కడ. తాగలేని నీళ్లకు కులం ఉండదు. మడి, మైల, వరుస, కాపలా, ఇవన్నీ తియ్యని నీళ్ల చుట్టూ పుడతయి. భూమి అయినా అంతే, నౌకరీ అయినా అంతే, చదువు అయినా అంతే. ఎవరికీ అక్కర లేని దాని దగ్గర అందరూ సమానమే.

లోణార్ నుంచి జాల్నా మీదుగా ఔరంగాబాద్ పోయిన. 2023లో దాని పేరు ఛత్రపతి శంభాజీనగర్ అయింది. ఇదంతా ఒకప్పుడు మనతో పాటు నిజాం రాజ్యమే. బాబాసాహెబ్ 1950లో కాలేజీ పెట్టిన ఊరు. అక్కడి విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టమని 1978 నుంచి కొట్లాడితే 1994లో పెట్టిండ్రు. ఒక పేరు కోసం పదహారేండ్లు. ఊరి అవతల, ఎల్లోరా గుహలకు పోయే దారిలో, దౌలతాబాద్ కోట ఉంది. నల్లరాతి గుట్టను నిట్టనిలువుగా చెక్కి కట్టిన కోట.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని తన బతుకులోని సంగతులు కొన్ని రాసిపెట్టుకున్నడు. ఆయన పోయినంక చానా ఏండ్లకు, 1990లో అది పుస్తకంగా వచ్చింది. చిన్న పుస్తకం. బడిలో పాఠంగా పెట్టదగ్గది. దాన్ని నేను వ్యానులో వెంట పెట్టుకున్న. దారి పొడుగునా అందులోని ఊళ్లే ఎదురైనయి. 1934లో ఆయన తన మనుషులతో కలిసి దౌలతాబాద్ చూడటానికి వచ్చిండు. సుమారు ముప్పై మంది. ఎండకు, దుమ్ముకు అలసిపోయి కోట వాకిట్లో ఉన్న నీళ్ల కుంటలో ముఖాలు, కాళ్లు కడుక్కున్నరు. ఒక ముసలి ముస్లిం పెద్దమనిషి కుంట మైలపడ్డదని అరుచుకుంట వచ్చిండు. జనం పోగైండ్రు. చివరికి, లోపల ఎక్కడా నీళ్లు ముట్టొద్దనే షరతు మీద, వెంట ఒక సిపాయిని పెట్టి కోట చూడనిచ్చిండ్రు. కొలంబియాలో, లండన్‌లో చదివినోడు. బారిస్టరు. ఆయనకు కోట చూసే స్వేచ్ఛ ఇచ్చిండ్రు, నీళ్లు ముట్టే స్వేచ్ఛ ఇయ్యలేదు. చూడటానికి పోయినోని మీద కూడా కాపలా. నేను టికెట్టు కొని పోయిన. నా వెంట సిపాయి లేడు. ఈ తేడా చిన్నది కాదు. దాన్ని చిన్నది చేసి మాట్లాడితే ఆ ముప్పై మందిని అవమానించినట్టే.

ఔరంగాబాద్ నుంచి కన్నడ్ ఘాటు దిగి చాళీస్‌గావ్ పోయిన. 1929లో ఒక సర్కారు కమిటీ మనిషిగా, దళితుల మీద జరిగిన సాంఘిక బహిష్కరణ విచారణ చేసేటందుకు అంబేడ్కర్ ఆ దిక్కు వచ్చిండు. స్టేషను కాడ టాంగావాళ్లు ఆయన్ను ఎక్కించుకోమన్నరు. మహర్వాడ పెద్దలు టాంగా అయితే కిరాయికి తెచ్చిండ్రు గాని, తోలడానికి మనిషి దొరకలేదు. తోలడం రాని తమ మనిషినే ఒకన్ని కూసోబెట్టిండ్రు. ఏటి వంతెన మీద గుర్రం అదుపు తప్పింది. ఆయన రాళ్ల మీద పడ్డడు. కాలు విరిగింది. తమ నాయకుడు కాలినడకన రావొద్దని, ఆయన గౌరవం కోసం ఆ పేదోళ్లు ప్రాణం మీదికి తెచ్చిండ్రు. ఆత్మగౌరవానికి కూడా తోలడం వచ్చినోడు కావాలె.

అదే చాళీస్‌గావ్‌లో నా వ్యాను క్లచ్ వైరు తెగింది. రోడ్డు మీదున్న మెకానిక్ పిలగాడు మట్టిల వెల్లకిల పండుకొని అరగంటలో కొత్తది వేసిండు. వాని కులం నేనడగలేదు. నా కులం వాడడగలేదు. యంత్రం వచ్చిన కాడ కులం కొంచెం జరిగింది. నేను ఒప్పుకుంట. డబ్బులిచ్చినం, పని అయింది. మరి సోయా చేను కాడ గిలాస ఎందుకు అరుగు మీద మిగిలింది? అక్కడ డబ్బుల లెక్క లేదు. చుట్టం అన్న మాట ఉంది. అంగట్లో కులం ఓర్చుకుంటది. చుట్టరికం మాట వచ్చినప్పుడు పండ్లు బయటపెడతది.

చాళీస్‌గావ్ నుంచి దక్షిణానికి మళ్లి, పుణె దాటి సతారా జిల్లాలకు దిగిన. మా నాయిన కంకర కొట్టిన దారి ఏదో నాకు తెలవదు. ఆయనకూ గుర్తు లేదు. అందుకని ఆ దిక్కు దారులన్నీ ఆయనవే అనుకుంట బండి తోలిన. ఈ సతారా జిల్లానే ఆ పుస్తకంలో మొట్టమొదటి సంగతి. 1901. కరువు. ఖటావ్ తాలూకా గోరేగావ్‌లో కరువు పనిగా సర్కారు ఒక చెరువు తవ్విస్తున్నది. అక్కడ బాబాసాహెబ్ తండ్రి ఖజానా లెక్కలు చూసే పని. సెలవులకు రమ్మని పిల్లలకు ఉత్తరం రాసిండు. పిల్లలు మంచి బట్టలు కట్టుకొని మసూర్ స్టేషన్లో రైలు దిగిండ్రు. తీసుకపోవడానికి ఎవరూ రాలేదు. మహర్ పిల్లలని తెలిసి ఎడ్లబండి వాళ్లు ఎక్కించుకోమన్నరు. చివరికి ఒకడు రెండింతల కిరాయికి ఒప్పుకున్నడు. షరతేందంటే బండి పిల్లలే తోలుకోవాలె, తాను పక్కన నడుస్తడు. రాత్రంతా నీళ్లు లేవు. టోలు గేటు కాడ నీళ్లడగాలంటే ముస్లిం పిల్లలమని చెప్పమని ఆ బండివాడే ఉపాయం చెప్పిండు. తొమ్మిదేండ్ల పిలగాడు అట్లనే చెప్పిండు. అయినా నీళ్లు దొరకలేదు. తండ్రి చెరువు తవ్వించే కాడ పని చేస్తున్నడు, కొడుకులకు గుక్కెడు నీళ్లు లేవు. సొంతంగా బండి తోలుకుంట పోయిన ఆ పిల్లల ప్రయాణం కూడా ఒంటరి ప్రయాణమే. దాన్ని వాళ్లు కోరుకోలేదు.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్త. మా వాడ నుంచే చదువుకొని పట్నంలో నౌకరీ చేస్తున్న నా దోస్తు ఒకడున్నడు. సోయా చేను సంగతి ఫోనులో చెప్తే, "ఎందుకు చెప్పినవురా? చెప్పకపోతే అయిపోవు గదా. కులం పోవాలంటే కులం చెప్పుడు బంజేయాలె" అన్నడు. వాని మాట తీసిపారేసేది కాదు. వాడు పట్నంలో కిరాయి ఇంటి కోసం ఎన్ని గడపలు తిరిగిండో నాకు తెలుసు. పదకొండో ఇంటికాడ కులం దాచిండు. ఇల్లు దొరికింది. పిల్లలు బడికి పోతున్నరు. వాన్ని పిరికోడని నేను అననుగాక అనను. నిజం చెప్పాలన్న నీతిని దప్పికైనోని మీద ఎందుకు పెట్టాలె? నీళ్లు దాచినోన్ని వదిలిపెట్టి, పేరు దాచినోన్ని పట్టుకొని ధర్మం అడగడం ఎక్కడి న్యాయం? 1901లో ఆ పిలగాడు ఆడింది అబద్ధమైతే, ఆ అబద్ధం వాని ఖాతాలో పడదు. నీళ్లు ఇయ్యని ఊరి ఖాతాలో పడుతది.

మరి నేను ఎందుకు చెప్పిన? ధైర్యం ఎక్కువయి కాదు. నా వ్యానులో ఇరవై లీటర్ల నీళ్లున్నయి. ముసలాయన గిలాస వెనక్కి తీసుకున్నా నేను దప్పికతో చావను. నెలకు జీతం వస్తది. ఊరు దాటిపోవడానికి బండి ఉంది. నా నిజం వెనక ఆ క్యాను ఉంది. మా నాయినకు ఆ క్యాను లేదు. నా దోస్తుకు ఆ రోజు లేదు. అందుకని నాకు అర్థమైంది ఇది. దప్పికైనోడు కులం చెప్పనక్కర లేదు. సొంత నీళ్లున్నోడు చెప్పాలె. రిజర్వేషన్ల మీద చదువుకొని, నౌకరీ తెచ్చుకొని, బండి కొనుక్కొని, దారి మీద ఎవరికీ తెలవకుండ హాయిగ తిరిగొచ్చే మనలాంటోళ్లు చెప్పాలె. మనం చెప్తే పోయేది ఒక గిలాస మర్యాద. మనం చెప్పకపోతే, మన వెనక వచ్చేటోడు ఆ అరుగు మీద మళ్లా మొదటి మాదిగోడు అయితడు. చెప్పకుండ తాగితే నీళ్లు అవే. తాగింది మాత్రం నేను కాదు, నా బట్టలు తొడుక్కున్న ఇంకెవడో.

సతారా నుంచి మహాబలేశ్వర్ ఎక్కిన. పాఠంలో చెప్పే లావా పొరలు అక్కడ కండ్లకు కనపడుతయి. గుట్టలన్నీ మెట్లు మెట్లుగా ఉంటయి. ఈ రాతిని ట్రాప్ అనేది అందుకే. స్వీడన్ భాషలో ఆ మాటకు మెట్టు అని అర్థం. నిచ్చెనమెట్ల సమాజమని మనం రాస్తుంటం. ఈ గుట్టల మెట్లు నిప్పు వేసినవి, ఎవరి మీదా పగ లేదు. వాన వాటిని అరగదీస్తున్నది. మనుషులు వేసిన మెట్లను వాన అరగదియ్యదు.

అక్కడి నుంచి ఘాటు దిగితే మహద్. చవదార్ చెరువు ఊరి నడుమ ఉంది. చుట్టూ గోడ, దిగడానికి మెట్లు, బాబాసాహెబ్ విగ్రహం. బొంబాయి శాసన మండలి 1923లో సర్కారు నీళ్లు అందరివని తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో ఈ చెరువు అందరిదని కాగితం రాసింది. కాగితం మీద చెరువు తెరిచే ఉంది. మూడేండ్లు ఒక్కడు కూడా దిగలేదు. దిగలేడు. ఒక్కడు దిగితే వాన్ని చంపుతరు. 1927 మార్చి 20న వేల మంది కలిసి నడిచిండ్రు. ముందుగా అంబేడ్కర్ దోసిలి పట్టి తాగిండు. అందరూ తాగిండ్రు. అటెన్క దెబ్బలు తిన్నరు. ఊరి పెద్దలు ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన కుండలు గుమ్మరించి చెరువును శుద్ధి చేసుకున్నరు. కేసు బొంబాయి హైకోర్టులో 1937లో గెలిచింది. ఆ నీళ్లు లేకుంటే చచ్చిపోతమని తాము పోలేదని, తామూ మనుషులమేనని చెప్పడానికి పోయినమని ఆయన అప్పుడే వివరంగా చెప్పిండు. వాళ్లెవరూ ఆ దినం పేరు దాచలేదు. దప్పికైనోళ్లే, అయినా దాచలేదు. ఒక్కొక్కని దగ్గర క్యాను లేదు. వాళ్ల క్యాను వాళ్ల మందే.

నేను మెట్లు దిగి నీళ్లల్ల చెయ్యి పెట్టిన. ఎవరూ నా దిక్కు చూడలేదు. ఆ 'ఎవరూ చూడకపోవడం' ఎంత ఖరీదైందో లెక్క కట్టుకుంట చానాసేపు కూసున్న. నేను ఒక్కన్నే పోగలిగిన ప్రతి దారిలో ముందు మంది నడిచి ఉన్నరు. ఒంటరి ప్రయాణమని గొప్పలు చెప్పుకునేటోళ్లు ఈ లెక్క వెయ్యరు.

ఇంటికొచ్చినంక ఈ కథలన్నీ నా భార్యకు చెప్పిన. ఆమె అంగన్‌వాడీ టీచరు. అన్నీ విని, "నువ్వు పెట్రోలు బంకుల పండుకొని వచ్చినవు. నేను పండుకుంటే తెల్లారి పేపర్ల పడుత" అన్నది. నా దగ్గర జవాబు లేదు. కులం దాచొచ్చు, ఆడమనిషినని దాచలేదు. దళిత స్త్రీకి రెండూ మొయ్యక తప్పదు. నా క్యానులో నీళ్లు ఆమెకు సరిపోవు. మహద్‌లోనే 1927 డిసెంబరులో అంబేడ్కర్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడింది ఉత్తగ కాదు. ఆమె ఒక్కతే ఈ నల్లరాతి గుట్టల మీద బండి తోలుకొని, తనకిష్టమున్న చెరువు కాడ ఆగి, తన పేరు తాను చెప్పి నీళ్లు తాగే దినం వచ్చేదాకా నేను తిరిగింది సగం దారే. మిగిలిన సగానికి మళ్లా మంది నడవాలె.